అపార్టుమెంటు ఇంట్లో సైకిలుకు చోటు చూసుకోవడం ఎలా?

హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా, విశాఖపట్నంలోనైనా అపార్టుమెంట్లలో కార్లకు గీతలు గీసి పార్కింగు పంచుతారు గాని, సైకిలుకు విడిగా చోటు చూపించే భవనాలు తక్కువ. అందువల్ల సైకిలు సెల్లార్‌లో ఏదో ఒక పిల్లరుకు ఆనుకొని నిలబడుతుంది. ఎవరో కారు వెనక్కి తీసేటప్పుడు దాని మడ్‌గార్డు వంగుతుంది, వానాకాలంలో సెల్లార్‌లోకి నీరు చేరితే బేరింగుల్లోకి తడి దిగుతుంది, కొన్నాళ్లకు టైర్లలో గాలి పోయి, దుమ్ము పట్టి, తొక్కాలన్న కోరికే పోతుంది. సైకిలును ఇంట్లోనే ఉంచుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే చోటు ఎంచుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: తెల్లవారుజామున ఇంట్లో మిగతావారు నిద్రలో ఉండగా, మరే వస్తువునూ జరపకుండా, ఈ చోటి నుంచి సైకిలును బయటికి తీయగలమా? తీయలేమని తోస్తే ఆ చోటు ఎంత అందంగా అమరినా వదిలేయాలి, ఎందుకంటే తీయడానికి ఇబ్బందిపడే సైకిలును ఎవరూ ఎక్కువ కాలం తొక్కరు.

మొదటి పని టేపు పట్టుకొని కొలవడం. పెద్దల సైకిలు పొడవు సాధారణంగా 170 నుంచి 180 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు 6 అడుగులు. హ్యాండిల్ వెడల్పు మాత్రం రకాన్ని బట్టి బాగా మారుతుంది: రేసింగు సైకిలుకు 42 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటే, మామూలు సైకిలుకు 60 వరకు, మౌంటెన్ బైకుకు 70 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. గోడ పక్కన నిలబెట్టినప్పుడు సైకిలు ఎంత ముందుకు పొడుచుకు వస్తుందో తేల్చేది ఈ వెడల్పే కాబట్టి, దుకాణంలో చెప్పిన అంకెను నమ్మకుండా సొంతంగా కొలుచుకోవాలి. బరువు కూడా తెలియాలి. డబుల్ స్టాండు, క్యారియర్ ఉన్న పాతకాలపు నల్ల సైకిలు 20 కిలోల వరకు తూగుతుంది, గేర్ల సైకిలు 12 నుంచి 16 కిలోల మధ్య ఉంటుంది. ఇంట్లో ఉన్న బరువు మిషను మీద ముందు మనిషి ఒక్కరే, తరువాత సైకిలును ఎత్తుకొని నిలబడితే ఆ తేడాయే సైకిలు బరువు.

ఇంటిదాకా తెచ్చే దారిని కూడా కొలతలోనే చేర్చాలి. ఆరుగురు పట్టే లిఫ్టు లోపలి కొలత సాధారణంగా 110 సెంటీమీటర్ల వెడల్పు, 100 సెంటీమీటర్ల లోతు, కనుక రెండు చక్రాలూ నేల మీద ఉండగా సైకిలును మూలగా పెట్టినా అందులో పట్టదు. ముందు చక్రాన్ని పైకెత్తి, వెనక చక్రం మీద నిలబెట్టి, వెనక బ్రేకు నొక్కి పట్టుకుంటే అది దొర్లిపోకుండా నిలుస్తుంది. లిఫ్టు తలుపు చాలాచోట్ల 70 సెంటీమీటర్లే ఉంటుంది గనుక, వెడల్పు హ్యాండిలున్న సైకిలును పక్కకు తిప్పి లోపలికి చేర్చాలి. ఇక గుమ్మం దగ్గర గడప ఉంటుంది. పసుపు రాసిన గడప మీదుగా రోడ్డు మీది టైరు దొర్లడం ఇంట్లో పెద్దలకు నచ్చదు, అది మన్నించవలసిన పట్టింపే. సీటు కింద ఒక చేయి, హ్యాండిల్ మధ్యలో ఒక చేయి వేసి సైకిలును గడప దాటించడం అలవాటు చేసుకోవచ్చు. ఎత్తలేనంత బరువున్న సైకిలైతే గుమ్మానికి వీలైనంత దగ్గరలోనే దాని చోటు ఉండాలి.

దగ్గర అనగానే చాలామంది గుమ్మం బయట కారిడార్‌లో నిలబెడతారు. అది చేయకూడదు. కారిడారూ మెట్లూ అగ్నిప్రమాదంలో అందరూ దిగిపోవలసిన దారి, అక్కడ అడ్డంకులు ఉండరాదని నేషనల్ బిల్డింగ్ కోడ్ స్పష్టంగా చెబుతుంది. పొగ కమ్మిన చీకట్లో పరుగెత్తేవారి కాలికి పెడలు తగిలితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇంటి లోపల తగిన చోట్లు మూడో నాలుగో ఉంటాయి. తలుపు తెరవగానే దాని వెనక మిగిలే గోడ, హాలు నుంచి బాల్కనీకి వెళ్లే దారి పక్క గోడ, వంటింటి వెనక వాష్ ఏరియా, రెండంతస్తుల ఇల్లయితే మెట్ల కింది ఖాళీ. వీటిలో తలుపు వెనక గోడకే నా ఓటు. తలుపు పూర్తిగా తెరిచినప్పుడు దానికీ హ్యాండిలుకూ మధ్య కనీసం ఒక అరచేయి పట్టేంత ఎడం ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. బాల్కనీని చాలామంది మొదటే ఎంచుకుంటారు గాని, పడమర ఎండ పడే బాల్కనీలో టైరు రబ్బరు ఒకటి రెండు వేసవులకే గట్టిపడి పగుళ్లు తీస్తుంది, జల్లు కొట్టే వానలో చైను తుప్పు పడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో వాన పడకపోయినా ఉప్పుగాలి చాలు, స్పోకులూ నట్లూ తుప్పెక్కడానికి. తప్పనిసరై బాల్కనీలోనే ఉంచవలసి వస్తే వెదురు తెర గాని మందపాటి గుడ్డ గాని అడ్డం కట్టి, తీరప్రాంతంలోనైతే వారానికొకసారి మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి.

అద్దె ఇంట్లో గోడకు రంధ్రాలు వేయాలంటే యజమాని ఒప్పుకోవాలి, అడ్వాన్సులో కోత పడుతుందేమోనన్న శంక కూడా ఉంటుంది. అలాంటివారికి నేల మీద నిలిచే స్టాండులే మంచివి. వెనక చక్రాన్ని పట్టి నిలబెట్టే చిన్న స్టాండు ఒక్క సైకిలుకు సరిపోతుంది. రెండు సైకిళ్లుంటే గోడకు ఏటవాలుగా ఆనుకొని, సైకిళ్ల బరువుతోనే నిలబడే రెండంతస్తుల స్టాండు దొరుకుతుంది, దానికి డ్రిల్లింగు అవసరం లేదు. నేలకూ పైకప్పుకూ మధ్య బిగించే స్తంభం కూడా ఉంది గాని, పైన జిప్సం ఫాల్స్ సీలింగు ఉన్న ఇంట్లో దాన్ని వాడకూడదు, ఎందుకంటే ఆ పలక అంత ఒత్తిడిని ఓర్చుకోలేదు. నున్నటి టైల్స్ మీద ఏ స్టాండు జారకుండా ఉండాలన్నా దాని కింద రబ్బరు ముక్క పరచడం మరచిపోవద్దు.

గోడకు తగిలించాలనుకునేవారు బ్రాకెట్టు కొనే ముందు గోడ దేనితో కట్టారో తెలుసుకోవాలి. ఈ ఒక్క విషయంలో తొందరపడితే సైకిలు మనిషి మీద పడుతుంది. మనిషి కంట పడని ఒక మూల చిన్న రంధ్రం వేసి రాలే పొడిని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది: ఎర్రటి పొడి వస్తే ఇటుక గోడ. బూడిదరంగు పొడి వస్తూ డ్రిల్లు మెల్లగా, కష్టంగా దిగితే కాంక్రీటు. తెల్లగా, మెత్తటి పిండిలా రాలుతూ డ్రిల్లు సునాయాసంగా దిగిపోతే అది ఏఏసీ బ్లాకు, అంటే లోపలంతా సన్నని గాలి బుడగలుండే సిమెంటు దిమ్మ అన్నమాట. కొత్త అపార్టుమెంట్లలో ఈ తేలికపాటి బ్లాకులు బాగా పెరిగాయి. కొన్ని పెద్ద భవనాల్లో మైవాన్ అని పిలిచే పద్ధతిలో గోడలన్నీ కాంక్రీటుతోనే పోస్తారు.

కాంక్రీటు గోడకు లోహపు ఫాస్టెనరు, అంటే రంధ్రంలో విచ్చుకొని బిగుసుకునే బోల్టు, చక్కగా పట్టుకుంటుంది. 9 అంగుళాల ఇటుక గోడ కూడా నమ్మదగినదే, కాని రంధ్రం ఇటుక మధ్యలో పడాలి, రెండు ఇటుకల నడుమ సిమెంటు అతుకులో పడకూడదు. గదుల మధ్య ఉండే 4.5 అంగుళాల అడ్డుగోడకు తేలికైన సైకిలును మాత్రమే తగిలించాలి. ఏఏసీ బ్లాకులో విచ్చుకునే లోహపు ఫాస్టెనరు బిగిస్తే బ్లాకు లోపలే చిట్లుతుంది, కనుక ఆ గోడకు ప్రత్యేకంగా తయారైన పొడవాటి నైలాన్ ప్లగ్గులు గాని, రసాయనపు జిగురుతో బిగించే బోల్టులు గాని వాడాలి. ఏ గోడకైనా పైన అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం వరకు ఉండే ప్లాస్టరింగు బరువు మోయదని గుర్తుంచుకొని, దాన్ని దాటి కనీసం 2 అంగుళాలు లోపలికి మర దిగేటట్టు చూడాలి. పిల్లరు దొరికితే అంతకన్న మంచి చోటు లేదు. పిల్లరులో ఇనుప కడ్డీల పైన సుమారు 40 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉంటుంది, డ్రిల్లుకు ఇనుము తగిలినట్టు అనిపిస్తే బలవంతం చేయకుండా రంధ్రాన్ని పక్కకు జరపాలి. స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైనా కిందా గోడలో వైర్ల పైపులు నిలువుగా సాగుతాయి, స్నానాలగది గోడలో నీటి పైపులుంటాయి, ఆ చోట్ల జోలికి పోవద్దు.

బ్రాకెట్టు ఎంపికలో దాని వెనక పలక పొడవును చూడాలి, దాని వెనక చిన్న లెక్క ఉంది. 15 కిలోల సైకిలు గోడకు 30 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతోందనుకుందాం. బ్రాకెట్టు పై మరకూ కింది మరకూ మధ్య 10 సెంటీమీటర్లే ఉంటే, పై మరను గోడలోంచి బయటికి లాగే బలం 45 కిలోలకు సమానం. అదే ఎడం 20 సెంటీమీటర్లుంటే ఆ బలం సగానికి, 22.5 కిలోలకు దిగుతుంది. అందుకే అట్ట పెట్టె మీద రాసిన బరువు పరిమితి కన్నా పొడవైన వెనక పలక ఎక్కువ భరోసా ఇస్తుంది. బిగించాక సైకిలు తగిలించే ముందు, బ్రాకెట్టును రెండు చేతులతో పట్టుకొని మనిషి బరువులో కొంత దాని మీద మోపి చూడాలి. మర ఏమాత్రం కదిలినా ఆ రంధ్రాన్ని వదిలేయాలి. ఆరు నెలలకొకసారి ఈ పరీక్షను మళ్లీ చేయడం మంచిది.

నిలువుగా తగిలించే కొక్కెం ఎత్తును అంచనాతో గుర్తు పెట్టకూడదు. ఒకరు సైకిలును వెనక చక్రం మీద గోడ పక్కన నిలబెట్టి పట్టుకుంటే, ముందు రిమ్ము లోపలి అంచు ఎక్కడికి వస్తుందో మరొకరు పెన్సిలుతో గుర్తించి, దానికి ఒక బెత్తెడు పైన కొక్కెం బిగించాలి. అది సాధారణంగా 6 అడుగుల దరిదాపుల్లోకి వస్తుంది. రెండు సైకిళ్లను పక్కపక్కన తగిలిస్తే ఒకదాని కొక్కేన్ని 20 నుంచి 30 సెంటీమీటర్లు పైకి పెట్టాలి, అప్పుడు హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు. చక్రం పట్టి వేలాడదీస్తే స్పోకులు పాడవుతాయన్న భయం అక్కరలేదు, మనిషిని మోసే చక్రానికి సైకిలు బరువు లెక్కలోది కాదు. హైడ్రాలిక్ డిస్కు బ్రేకులున్న సైకిలును దింపాక మాత్రం, బ్రేకు లివరును పలుమార్లు నొక్కి గట్టిగా ఉందని తేలాకే తొక్కాలి, ఎందుకంటే తలకిందులుగా ఉన్నప్పుడు ఆయిలు గొట్టంలోకి గాలి బుడగలు చేరవచ్చు. కార్బన్ ఫ్రేము సైకిలును ఫ్రేము పట్టి బిగించే బ్రాకెట్టుకు ఇవ్వకూడదు.

పాత ఇళ్ల హాళ్లలో ఉయ్యాలబల్ల కోసం స్లాబులోనో దూలంలోనో వేసిన కొక్కేలుంటాయి. మనుషులు ఊగడానికి వేసినవి కాబట్టి, తుప్పు తినకుండా ఉంటే, కప్పీతో సైకిలును పైకి లాగి ఉంచడానికి అవి చక్కగా పనికొస్తాయి. ఫ్యాను కొక్కేన్ని మాత్రం దీనికి వాడవద్దు, పక్కనే వైర్లుంటాయి. అటక మీద పిల్లల 12, 14 అంగుళాల సైకిళ్లకు చోటు దొరుకుతుంది గాని, అవి రోజూ తొక్కేవైతే నేల మీదే ఉండాలి.

తరచుగా తొక్కని సైకిలైతే పెడళ్లు విప్పి గోడకు మరింత దగ్గరగా పెట్టవచ్చు. 15 నంబరు స్పానరు చాలు. ఎడమవైపు పెడలుకు మర వ్యతిరేక దిశలో ఉంటుంది, మామూలు పద్ధతిలో విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది.

ఇల్లు మురికి కాకుండా చూడడం కుటుంబంలో సామరస్యానికి కూడా అవసరం. గుమ్మం పక్కన ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ ఉంచుకొని, లోపలికి తేగానే సైకిలును ముందుకు దొర్లిస్తూ టైర్లను తుడిస్తే నిమిషంలో పని అయిపోతుంది. కింద పాత ఫ్లెక్సీ ముక్క గాని రబ్బరు మ్యాటు గాని పరిస్తే నేల మీద నూనె మరకలు పడవు. గోడ మీద నల్లని చారలకు కారణం ఎక్కువగా చైను మీద పేరుకున్న నూనే. చైనుకు నూనె వేసి కొంతసేపు ఆగి, పైన మిగిలినదాన్ని పాత నూలుగుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. కొబ్బరినూనె వంటి వంటనూనెలు వేయవద్దు, అవి జిగురై దుమ్మును పట్టి ఉంచుతాయి. వానలో తడిసి వచ్చిన రోజున ముందు వాష్ ఏరియాలో నీళ్లు ఓడ్చి, ఆరాకే హాలులోకి తేవాలి.

బ్యాటరీ సైకిలు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లిథియం బ్యాటరీ అంటుకుంటే మంట వేగంగా, దట్టమైన పొగతో వ్యాపిస్తుంది. కనుక దాన్ని ఇంట్లోంచి బయటపడే ఏకైక తలుపు పక్కనా, పడకగదిలోనూ ఛార్జింగు పెట్టకూడదు. సైకిలుతో వచ్చిన ఛార్జరునే వాడాలి, అందరూ మేలుకొని ఉన్న సమయంలో పెట్టి, నిండగానే తీసేయాలి. కింద పడినా, ఉబ్బినా, నీళ్లలో నానినా ఆ బ్యాటరీని ఇంట్లో ఉంచుకోవద్దు.

అమెరికాలోని పిల్లల దగ్గరకు ఆరునెలలు వెళ్లేవారు, సెలవులకు ఊరికి పోయేవారు సైకిలును శుభ్రంగా తుడిచి, చైనుకు నూనె రాసి, టైర్లకు తగినంత గాలి కొట్టి, చక్రాలు నేలకు ఆనకుండా తగిలించాలి. ప్లాస్టిక్ కవరు లోపల చెమ్మ చేరి తుప్పుకు దారితీస్తుంది కాబట్టి పాత నూలు దుప్పటి కప్పాలి. బ్యాటరీ సైకిలైతే బ్యాటరీని సగం ఛార్జితో విడిగా, చల్లని చోట ఉంచాలి. తిరిగి వచ్చాక గాలి కొట్టి, టైరు పక్కల పగుళ్లు వెదికి, సైకిలును కదలకుండా పట్టి రెండు బ్రేకులనూ విడివిడిగా నొక్కి చూశాకే కిందికి తీసుకువెళ్లాలి.