పీసీఓఎస్: కుటుంబ పటం గీయడం – 4వ పాఠం

ఈ వారం కుటుంబ పటంలో, అంటే ఇంట్లో ఎవరికి ఏ ఆరోగ్య సమస్య ఉందో చూపే పటంలో, వాడే కొత్త గుర్తులు నేర్పాలనుకున్నాను. మిర్యాలగూడ నుంచి వనపర్తి దాకా మీరు పంపిన పటాలు చూశాక ఆ పని పక్కన పెట్టాను. దాదాపు అందరూ అమ్మ వైపు నిండుగా రాసి, నాన్న వైపు ఒక్క చదరం (మగవాళ్ల గుర్తు) గీసి వదిలేశారు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి సరిగా రాకపోవడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం వంటివి ఉండే సమస్య) ఆడవాళ్లదే అయినా, ముప్పు పెంచే జన్యువులు నాన్న నుంచి కూడా వస్తాయి. ఆయనలో నెలసరి తేడాలు కనిపించవు కానీ షుగర్, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఉండొచ్చు. బాబాయి, పెదనాన్న, మేనత్త, అందరినీ చేర్చండి. మేనత్తను మాత్రం వదలొద్దు.

ఇక 70 శాతం సంగతి. "అమ్మకు ఉంది, నాకు 70 శాతం వస్తుంది" అని పటం కింద రాసిన వాళ్లు ఆ వాక్యం కొట్టేయండి. ఆ అంకె నెదర్లాండ్స్‌లో కవలల మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలోది. ఒక సమూహంలో కొందరికి పీసీఓఎస్ ఉండి కొందరికి లేకపోవడంలోని తేడాకు సుమారు 70 శాతం జన్యువులే కారణమని దాని అర్థం. ఫలానా అమ్మాయికి వచ్చే అవకాశం ఎంతో అది చెప్పదు. 1998లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్నవాళ్ల అక్కచెల్లెళ్లను పరీక్షిస్తే 22 శాతం మందికి అది ఉంది. మరో 24 శాతం మందికి నెలసరి సరిగానే వస్తున్నా పురుష హార్మోన్లు ఎక్కువగా ఉన్నాయి. మిగతా సగానికి పైగా మందికి ఆ రెండూ లేవు. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లోనే ఇంత తేడా ఉంటే, 70 అని చెప్పి పెళ్లీడు పిల్లకు టెన్షన్ పెట్టడం అన్యాయం.

దీనికి ఒకే జన్యువు కారణం కాదు. 2011లో చైనా పరిశోధకులు దీనితో ముడిపడిన మూడు చోట్లు మన డీఎన్ఏలో గుర్తించారు. థాడా అనే జన్యువు ఉన్న చోటు వాటిలో ఒకటి. 2018లో యూరప్ సంతతి మహిళల సమాచారంతో 14 చోట్లు తేలాయి. ఒక్కోటి ముప్పును కొంచెమే పెంచుతుంది. అందుకే జన్యు పరీక్షకు డబ్బు పెట్టమని నేను చెప్పను.

మేనరికం ఇళ్లలో ఇంకో చిక్కు. అమ్మ తన మేనత్త కొడుకునే చేసుకుంటే, మీ నాయనమ్మ మీ అమ్మ వైపు తాతకు అక్కో చెల్లెలో అవుతుంది. అచ్చంపేట పటం ఒకదాంట్లో ఆమె షుగర్‌ను రెండు వైపులా రాసి ఇద్దరిగా లెక్కేశారు. ఆమెకు ఒక్క వలయమే (ఆడవాళ్ల గుర్తు) గీయండి, గీతలు రెండు వైపులా కలపండి. మేనరికం వల్లే పీసీఓఎస్ వచ్చిందని ఎవరినీ నిందించొద్దు.

పెద్దవాళ్లను ముందు షుగర్ గురించి అడగండి, నెలసరి గురించి తర్వాత. నేను ఎప్పుడూ ఈ వరసే పాటిస్తాను. మొదటిదానికి మొహమాటం ఉండదు.

సాధన: మూడు తరాలు, రెండు వైపులా, పెన్సిల్‌తో మళ్లీ గీయండి. షుగర్ ఏ వయసులో బయటపడింది, నెలసరి ఎన్ని రోజులకోసారి వచ్చేది, గడ్డం మీద వెంట్రుకలు ఉండేవా అన్నవి ఒక్కొక్కరి పక్కన రాయండి. తెలియకపోతే ప్రశ్న గుర్తు పెట్టండి, ఊహించి నింపొద్దు. మీకు ఇప్పటికే పీసీఓఎస్ ఉందని తేలి ఉంటే, ఆ పటం తీసుకెళ్లి డాక్టర్‌తో షుగర్ పరీక్ష గురించి మాట్లాడండి.