నల్లరంగు ఏదీ దాచదు: బిగ్ బెర్తా రాకెట్ కట్టే తీరు

కొలరాడోలోని పెన్‌రోజ్ నుంచి వెర్నాన్ ఎస్టెస్ కంపెనీ 1960లలో అమ్మిన, నిజంగానే గాల్లోకి ఎగిరే మోడల్ రాకెట్ ఈ బిగ్ బెర్తా. 24 అంగుళాల పొడవు, లావుపాటి ఒళ్లు, ఒంపు తిరిగిన నాలుగు రెక్కలు. ఇప్పటికీ కిట్ దొరుకుతుంది. నేను మాత్రం పాత రెక్కల నమూనా పెట్టుకుని, విడిభాగాలు కొని, హ్యూస్టన్‌లో మా గరాజ్‌లో కట్టాను.

ఒంటికి బీటీ-60 అట్టగొట్టం 18 అంగుళాలు కావాలి. దాని బయటి వ్యాసం 41.6 మి.మీ. ముక్కు బాల్సా అనే తేలికపాటి చెక్కది. రెక్కలకి 3/32 అంగుళం మందం బాల్సా పలక తీసుకోండి. చెక్క నార రెక్క ముందంచు వెంబడే పోవాలి. అడ్డంగా పడితే నేలకి తగలగానే టక్కున విరుగుతుంది. నాలుగూ కోశాక గుండుసూదులతో కలిపి పట్టుకుని ఒకేసారి సాండ్‌పేపర్ రుద్దండి.

రాకెట్‌ని ఎగరేసే 18 మి.మీ. వ్యాసం మందుగుండు ఇంజన్ పట్టే చిన్న గొట్టం రెండు అట్ట రింగుల సాయంతో పెద్దగొట్టం మధ్యలో కూర్చుంటుంది. లోపల జిగురు రాశాక ఒక్క తోపులో నెట్టెయ్యాలి. నేను ఫోన్ మోగిందని మధ్యలో ఆగాను. అక్కడే పట్టేసింది, గొట్టం పారేశాను.

రెక్కలకి చెక్కజిగురు పల్చగా రాసి, ఆరాక మళ్లీ రాసి అంటిస్తే గట్టిగా పట్టుకుంటాయి.

ఇక అసలు పని రంగు. పాత బెర్తా నలుపు. ఆ మెరిసే నలుపు కింద గొట్టం చుట్టూ మెలితిరిగిన అట్ట అతుకులన్నీ కనిపిస్తాయి. చెక్క ఫిల్లర్‌లో నీళ్లు కలిపి గిలక్కొట్టిన పెరుగులా చేసి, అతుకుల్లో బ్రష్‌తో నింపండి. ఆరాక 220, తర్వాత 400 నంబర్ సాండ్‌పేపర్. బాల్సాకి ఇదే పని మూడుసార్లు. పక్కనుంచి టార్చ్ వేసి చూస్తే మిగిలిన గీతలు బయటపడతాయి. బూడిదరంగు ప్రైమర్ (అడుగుపూత) కొట్టి, దాన్నీ చాలావరకు రుద్దెయ్యాలి. బాధగానే ఉంటుంది, కానీ తప్పదు.

నలుపు రెండుసార్లు పొగలా పల్చగా, మూడోసారి కాస్త తడిగా కొట్టండి. జులైలో వాన వెలిసిన సాయంత్రం కొడితే నాది పాలు కలిపినట్టు తెల్లబారింది. గాలి పొడిగా ఉన్న పూటే మంచిది. ఎనామిల్ రంగు మీద లాకర్ రకం రంగు మాత్రం కొట్టకండి, మీగడ కట్టినట్టు ముడతలు పడుతుంది.

పారాచ్యూట్, ఇంజన్ పెట్టి, బరువు తూగేచోట దారం కట్టి గిరగిరా తిప్పండి. ముక్కు ముందుకే ఉంటే సరే, లేకపోతే ముక్కులో మట్టిముద్ద పెట్టాలి. నేను తిప్పుతుంటే పక్కింటాయన కంచె మీంచి చాలాసేపు చూసి, ఏమీ అడక్కుండా లోపలికెళ్లిపోయాడు.

మొదటిసారి బీ6-4 ఇంజన్ చాలు. అంతకంటే బలమైన సీ6-5 పెడితే ఇంకా పైకెళ్తుంది, గాలికి కొట్టుకుపోతుంది కూడా. వారం రోజులు రుద్దిన నలుపు ఎక్కడో చెట్టుకొమ్మకి వేలాడుతుంటే కిందనుంచి చూడటం నావల్ల కాదు.