పాత ఫైల్‌ను కొత్త బ్లెండర్‌లో వేగంగా, శుభ్రంగా రెండర్ చేయడం ఎలా?

విజయవాడ బెంజి సర్కిల్ నుంచి కానూరు వరకు ఇంటీరియర్ పనులు చేసేవారి దగ్గర నాకు తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటే: "కొత్త వెర్షన్ వేసుకున్నామండీ, వేగం ఏమీ పెరగలేదు." వెళ్లి చూస్తే బ్లెండర్ (త్రీడీలో గదిని తయారుచేసి, దాని నుంచి తుది చిత్రాన్ని తీసే, అంటే రెండర్ చేసే సాఫ్ట్‌వేర్) మారి ఉంటుంది గాని ఫైల్ మారి ఉండదు. పాత పని రూపం చెడకూడదన్న ఉద్దేశంతో కొత్త బ్లెండర్ పాత ఫైల్‌లోని సెట్టింగులను చాలావరకు అలాగే ఉంచుతుంది. అందువల్ల సాఫ్ట్‌వేర్ మార్చడం సగం పని మాత్రమే, మిగిలిన సగం ఫైల్ లోపల మన చేత్తో చేయవలసినది.

ముందుగా సాఫ్ట్‌వేర్ సంగతి. ఇన్‌స్టాలర్ వాడకూడదు, జిప్ ఫైల్‌ను దింపుకొని వేరే ఫోల్డర్‌లో విప్పుకోవాలి. అప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉంటాయి, నడుస్తున్న పనికి ఆటంకం ఉండదు. దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్లనే తీసుకోవాలి. 2024 జూలైలో వచ్చిన 4.2, 2025 జూలైలో వచ్చిన 4.5 అటువంటివి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను కూడా ఇప్పుడే నవీకరించి, ప్రిఫరెన్సెస్‌లోని సిస్టమ్ విభాగంలో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డు ఉన్నవారు ఆప్టిక్స్‌ను (ఆ కార్డుల మీద రెండర్ నడిపే పద్ధతిని) ఎంచుకోవాలి. సీన్‌లో డివైస్ జీపీయూగా, అంటే గ్రాఫిక్స్ కార్డుగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఇది మరచిపోయి సీపీయూ (కంప్యూటర్ ప్రధాన ప్రాసెసర్) మీద రాత్రంతా రెండర్ చేసుకున్నవారిని నేను ఎరుగుదును.

పాత ఫైల్‌ను తెరిచిన వెంటనే కొత్త పేరుతో భద్రపరచుకోవాలి. తరువాత శాంప్లింగ్ విభాగం కింద లైట్స్‌లో ఉన్న లైట్ ట్రీని (చాలా దీపాలున్నప్పుడు ఏ దీపం ఎక్కడ ముఖ్యమో ఎంచి లెక్క వేసే పద్ధతిని) ఆన్ చేయాలి. 2023లో 3.5తో వచ్చిన ఈ సదుపాయం కొత్త సీన్లలో దానంతట అదే ఆన్‌లో ఉంటుంది, అంతకు ముందటి ఫైళ్లలో మాత్రం ఉండదు. హాలుకు ఇరవై, ముప్పై దీపాలతో ఫాల్స్ సీలింగ్ కోరుకునే మన ఊళ్లలో దీనివల్ల కలిగే లాభం చిన్నది కాదు. రంగుల విషయంలోనూ ఇదే తీరు: 4.0 నుంచి కొత్త ఫైళ్లు ఏజీఎక్స్ అనే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌తో (వెలుగును తెర మీది రంగులుగా మార్చే పద్ధతితో) మొదలవుతాయి, పాతవి ఫిల్మిక్‌లోనే ఉండిపోతాయి. పాత ఫైల్‌లోని సోఫాను కొత్త ఫైల్‌లోకి తెచ్చుకున్నప్పుడు రంగు తేడాగా కనిపిస్తే మెటీరియల్‌ను దిద్దడానికి ముందు ఈ వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌ను చూడాలి. క్లయింటు ఒకసారి ఆమోదించిన పనిలో దానిని మార్చనే కూడదు.

ఇక అందరూ పాడుచేసే మెట్టు నాయిస్. బొమ్మలో చుక్కలు కనిపించగానే శాంపుల్స్ సంఖ్యను (ఒక్కో పిక్సెల్‌కు వెలుగును ఎన్నిసార్లు లెక్కించాలో చెప్పే అంకెను) పెంచుకుంటూ పోవడం మనవారికి అలవాటు. నాయిస్ సగానికి తగ్గాలంటే శాంపుల్స్ నాలుగు రెట్లు కావాలి. అంటే 256 దగ్గర ఉన్న నాయిస్‌ను సగం చేయడానికి 1024, అందులో మళ్లీ సగం చేయడానికి 4096. సమయమూ దాదాపు అదే లెక్కన పెరుగుతుంది. కాబట్టి శాంపుల్స్‌ను కేవలం గరిష్ఠ హద్దుగా భావించి, అసలు అదుపును నాయిస్ థ్రెషోల్డ్‌కు అప్పగించాలి. ఒక్కొక్క పిక్సెల్‌లో ఎంత నాయిస్ మిగిలిందో సైకిల్స్ (బ్లెండర్‌లోని రెండర్ ఇంజిన్) అంచనా వేసి, అది థ్రెషోల్డ్ కంటే తగ్గిన చోట ఆగిపోయి, మిగిలిన చోట్ల మాత్రమే పని కొనసాగిస్తుంది. దీని సహజ విలువ 0.01. స్థిర చిత్రానికి 0.02, గరిష్ఠం 1024 చాలు; అవసరం లేకుండా అంతకంటే తగ్గించేవారు కరెంటు బిల్లు కట్టడానికే రెండర్ చేస్తున్నారని నా అభిప్రాయం.

అయితే ఈ అంచనాలోనే ఒక మోసం ఉంది. సీలింగ్ అంచున దాగి ఉన్న ఎల్ఈడీ పట్టీ వెలుగు పూజగది మూలకు అరుదుగా చేరుతుంది. మొదటి కొన్ని శాంపుల్స్‌కు ఆ వెలుగు అసలే దొరకకపోతే ఆ పిక్సెల్ నల్లగా, నున్నగా కనిపిస్తుంది. అక్కడ నాయిస్ లేదనుకొని సైకిల్స్ దానిని వదిలివేస్తుంది. పక్క పిక్సెల్‌కు మాత్రం వెలుగు దొరుకుతుంది. ఫలితంగా గోడ మీద మరకలు తేలతాయి. మందు మినిమమ్ శాంపుల్స్, అంటే ప్రతి పిక్సెల్‌కూ తప్పనిసరిగా తీసే కనీస శాంపుల్స్. సున్నా అని ఉన్నచోట 64 గాని 100 గాని ఇవ్వాలి.

ఈ పరీక్షలన్నీ డీనాయిజ్‌ను (మిగిలిన నాయిస్‌ను తరువాత చెరిపే సదుపాయాన్ని) ఆపివేసి చేయాలి, ఇందులో మినహాయింపు లేదు. డీనాయిజ్ ఆన్‌లో ఉంటే తప్పు ఎక్కడుందో కనబడదు. అది మరకను మెత్తగా చేసి పెద్ద మరకగా మారుస్తుంది. కెమెరా వ్యూలో కంట్రోల్, బీ నొక్కి, గదిలో అన్నిటికంటే చీకటిగా ఉన్న మూలను మాత్రమే గీసుకుని రెండర్ చేయాలి. ఒకసారికి ఒక్క సెట్టింగునే మార్చి, ఫలితాలను వేర్వేరు స్లాట్లలో ఉంచుకుని, జే మీటతో ఒకదాని నుంచి మరొకదానికి మారుతూ పోల్చాలి. కొత్త వెర్షన్‌లో మొదటి రెండర్‌కు పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, ఎందుకంటే అప్పుడు కెర్నల్స్ (కార్డు మీద నడిచే రెండర్ ప్రోగ్రాములు) సిద్ధం కావడానికే కొన్ని నిమిషాలు పోవచ్చు. మే నెల మధ్యాహ్నపు సమయాన్ని అర్ధరాత్రి సమయంతో పోల్చడమూ తగదు. విజయవాడ ఎండకు వేడెక్కిన కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.

మూల శుభ్రపడిన తరువాతనే ఓపెన్‌ఇమేజ్‌డీనాయిజ్ అనే డీనాయిజర్‌ను ఆన్ చేసి, ఆల్బెడో (వస్తువుల అసలు రంగు), నార్మల్ (ఉపరితలం తిరిగి ఉన్న దిశ) రెండింటినీ ఇచ్చి, ప్రీఫిల్టర్‌ను ఆక్యురేట్‌లో ఉంచాలి. మంగళగిరి చీర జరీ మెరుపు, కొండపల్లి బొమ్మ మీది కుంచె గీత ఇంకా నిలిచి ఉన్నాయా అని దగ్గరకు జూమ్ చేసి చూడాలి. చెరిగిపోతే థ్రెషోల్డ్‌ను 0.015కు దించాలి. వాక్‌త్రూ (ఇంట్లో నడుస్తున్నట్టు చూపే వీడియో) అయితే ఇంకా జాగ్రత్త అవసరం. డీనాయిజర్ ఒక్కో ఫ్రేమును విడివిడిగా చూస్తుంది కాబట్టి, స్థిర చిత్రంలో కంటికి ఆనని మరక వీడియోలో కదులుతూ మెరుస్తుంది. గుంటూరు లక్ష్మీపురంలోని ఒక ఫ్లాటు కోసం నేను 720 ఫ్రేములను ఈ కారణంగానే రెండుసార్లు రెండర్ చేయవలసివచ్చింది. అప్పటి నుంచి వరుసగా పది ఫ్రేములను వీడియోగా ఆడించి చూడనిదే పూర్తి రెండర్‌కు కూర్చోవడం లేదు.

మిగిలినవి చిన్నవి. తెల్లని మెరుపు చుక్కలు వస్తుంటే ఇండైరెక్ట్ క్లాంప్‌ను (తగిలి తిరిగివచ్చే వెలుగు తీవ్రతకు పెట్టే హద్దును) 10 నుంచి 5కు దించవచ్చు. వేగం కోసం డిఫ్యూజ్ బౌన్సులను (గోడల వంటి మెరుపు లేని వాటికి తగిలి వెలుగు ఎన్నిసార్లు తిరిగి ఎగరాలో చెప్పే అంకెను) 4 కంటే తగ్గించకూడదు. తగ్గించినవారు గది చీకటైందని దొంగ దీపాలు పెట్టి, మళ్లీ నాయిస్ తెచ్చుకుంటారు. కెమెరా మాత్రమే కదిలే వాక్‌త్రూలో పర్సిస్టెంట్ డేటా ఆన్ చేస్తే ప్రతి ఫ్రేముకూ సీన్‌ను మొదటి నుంచి సిద్ధం చేసే సమయం మిగులుతుంది. అవుట్‌పుట్‌ను నేరుగా వీడియోగా తీయకుండా ఫ్రేములుగా తీసి, ఓవర్‌రైట్ దగ్గర టిక్ తీసివేయాలి. రాత్రి రెండింటికి కరెంటు పోయినా, పొద్దున్న చివరి ఫ్రేము సగంలో ఆగిందేమో చూసి, చెడితే దానిని తొలగించి, మళ్లీ రెండర్ నొక్కితే ఆగిన చోటి నుంచి పని సాగుతుంది.