కమాను పందిరి కింద పంట దెబ్బతింటోందా? కారణాలు, పరిష్కారాలు

కమాను పందిరి అంటే పైపులు విల్లులా వంచి, పైన షీటు గానీ నెట్ గానీ కప్పేది. చలిదేశాల్లో దాన్ని కట్టేది వెచ్చదనం పట్టి ఉంచడానికి. వరంగల్, జనగామ, కరీంనగర్ వైపు మన అవసరం వేరు. ఎండాకాలంలో కొత్తిమీర, పాలకూర బతకాలి, వానల్లో మిర్చి నారు కుళ్లకుండా దక్కాలి. మన పందిరి వేడిని బయటికి పంపాలి, వానను ఆపాలి, దుమారానికి నిలవాలి. ఇది చూసుకోకుండా కట్టినచోటే ఎక్కువ సమస్యలు వస్తున్నాయి.

మధ్యాహ్నం ఆకులు వాడిపోతున్నాయి, నీళ్లు పెట్టినా తేరుకోవడం లేదు

ముందు వేలు రెండంగుళాలు మట్టిలోకి గుచ్చి చూడండి. లోపల తడి ఉంటే అది నీటి కొరత కాదు, వేడి. ఇంకా నీళ్లు పెడితే వేర్లకు గాలి ఆడక మొక్క మరింత దెబ్బతింటుంది.

కారణం రెండింట్లో ఒకటి. మొదటిది, ఏప్రిల్, మే నెలల్లో కూడా పైన పాలిథిన్ షీటే ఉండటం. బయట 42 డిగ్రీలుంటే మూసిన షీటు కింద 50 దాటుతుంది. షీటు తీసి షేడ్ నెట్ వేయండి. ఆకుకూరలకు, నారుకు 50 శాతం నీడనిచ్చే నెట్, టమాటా, క్యాప్సికం లాంటి కాయ పంటలకు 35 శాతం సరిపోతుంది. నెట్ మొక్కల మీద ఆనకూడదు. పక్కలు నేల నుంచి మూడడుగుల దాకా తెరిచి ఉంచాలి.

రెండోది ఎత్తు. 20 అడుగుల జీఐ (జింకు పూత ఇనుప) పైపును అర్ధచంద్రంగా వంచితే వెడల్పు 12 అడుగులు, నడిమధ్య ఎత్తు ఆరడుగులు పైచిలుకు వస్తుంది. మన ఎండకు ఆ ఎత్తు చాలదు, వేడి గాలి మొక్కల నెత్తి మీదే ఆగిపోతుంది. పైపు సరిగ్గా దూరేంత లావున్న గొట్టాలు అయిదడుగుల ముక్కలు కోయించి, రెండడుగులు భూమిలో, మూడడుగులు పైన ఉండేలా నాటి, కమాను కొసలు వాటిలో దించి బోల్టు వేయండి. మధ్య ఎత్తు తొమ్మిదడుగులకు చేరుతుంది. ఖర్చు కొంత పెరిగినా నా లెక్కలో ముందు పెట్టాల్సింది దీనికే.

గాలిదుమారానికి పందిరి లేచిపోయింది

మార్చి నుంచి మే దాకా సాయంత్రం పూట వచ్చే దుమారం, రాళ్లవాన ఇక్కడ కొత్త కాదు. గాలి పందిరిని తోయడమే కాదు, లోపల దూరి పైకి ఎత్తేస్తుంది. ఒక పక్క తెరిచి, ఇంకో పక్క మూసిన షీటు పందిరే ముందు పోతుంది. మబ్బు కమ్ముతుంటే షీటును అన్ని వైపులా మూసి బిగించండి, లేదా పూర్తిగా చుట్టేయండి. నెట్‌లోంచి గాలి పోతుంది కాబట్టి దానికి ముప్పు తక్కువ.

గొట్టాలు ఊడి వచ్చాయంటే నేల చూడాలి. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది, గొట్టం వదులవుతుంది. గుంత అడుగున వెడల్పుగా తవ్వి కాంక్రీటు పోయాలి. చెలక (ఎర్ర ఇసుక) నేలలోనూ ఉత్త మట్టి కప్పి వదిలేయొద్దు. కమానుల మధ్య దూరం ఆరడుగులు మించనీయకండి. నడినెత్తిన ఒక పొడవు పైపు, నాలుగు మూలలకు ఏటవాలు పైపులు తప్పనిసరి.

నారు సన్నగా, పొడుగ్గా సాగి పడిపోతోంది

వెలుతురు చాలలేదు. మృగశిర దాటి మబ్బులు పట్టాక కూడా ఎండాకాలపు నెట్ అలాగే ఉంటే ఇంతే. నెట్ తీసి, అవే కమానుల మీద షీటు వేసి, పక్కలు తెరిచి ఉంచండి. మిర్చి నారు పోసే జులై, ఆగస్టుల్లో అదే గొడుగు.

నారు మొదలు దగ్గర నొక్కుకుపోయి ఒరుగుతోంది

ఒక మొక్క పీకి చూడండి. మట్టిని తాకే చోట కాడ దారంలా సన్నబడి, నీరుకారినట్టు ఉంటే నారుకుళ్లు. గింజ ఒత్తుగా పోయడం, సాయంత్రం తడి పెట్టడం, షీటు నుంచి రాత్రి నీటి చుక్కలు రాలడం దీనికి మూలం. మడి అర అడుగు ఎత్తుగా చేసి, పొద్దున మాత్రమే తడి ఇవ్వండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి.

చుట్టూ వల ఉన్నా మిర్చి ఆకులు ముడుచుకుంటున్నాయి

40 మెష్ (అంగుళానికి 40 కన్నాల) వల తెల్లదోమను చాలావరకు ఆపుతుంది, ఆకులు ముడిచే తామర పురుగును ఆపదు. 2021లో నల్ల తామర పురుగు మిర్చి చేన్లను ఎలా ఊడ్చేసిందో ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. నీలం జిగురు అట్టలు కట్టి, పూత, చిగుళ్లు రోజూ దులిపి చూడండి. పాత మిర్చి చేను పక్కన నారుమడి వద్దు. వల ఎంత సన్నదైతే గాలి అంత తగ్గుతుందన్నది కూడా లెక్కలో పెట్టుకోండి.

టమాటా పూత రాలుతోంది

పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి సత్తువ పోతుంది. నెట్ పగటి ఎండ తగ్గిస్తుంది గానీ రాత్రి ఉక్కను తగ్గించదు. రోహిణి కార్తెలో టమాటా కాయించాలని పెట్టుబడి పెట్టకండి. ఆ జాగా కొత్తిమీరకు ఇవ్వండి, వేసవిలో ధర దానికే ఉంటుంది. ధనియాలు రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి, నెట్ కింద చల్లబడిన మడిలో చల్లండి.

షీటు ఏడాదికే కమాను గీత వెంట చిరుగుతోంది

కాలిన ఇనుము తాకిన చోటే షీటు ముందు పోతుంది. పైపు పై భాగానికి తెల్ల రంగు వేయండి. పీవీసీ పైపు తగిలినా షీటు త్వరగా పాడవుతుంది. మామూలు తెల్ల పాలిథిన్ ఒక ఎండాకాలానికే పెళుసుబారుతుంది, యూవీ (ఎండలోని అతినీలలోహిత కిరణాలు) తట్టుకునే 200 మైక్రాన్ల మందం షీటు తీసుకోండి. మేకులు, బైండింగ్ వైరు కాకుండా ప్రొఫైల్ (గాడి ఉన్న పట్టీ), దాని గాడిలో దిగే జిగ్‌జాగ్ స్ప్రింగుతో బిగిస్తే చిరుగు మొదలవదు.

మట్టి మీద తెల్లటి పొర, మొక్కల ఆకుల అంచులు మాడుతున్నాయి

బోరు నీళ్లలోని ఉప్పు, వేసిన ఎరువుల ఉప్పు వాన పడక పైనే పేరుకున్నాయి. మిర్చి నారు తీసేశాక షీటు చుట్టి, సెప్టెంబరు వానలకు మడి తెరిచి పెట్టండి. నీరు నిలవకుండా చివర కాలువ తీస్తే ఉప్పు దిగువకు కొట్టుకుపోతుంది.