బండికీ ట్రెక్‌కీ ఒకటే జీపీఎస్: కొనేముందు చూడాల్సినవి

రెండు పనులకూ ఒకటే జీపీఎస్ కొనాలనుకునేవాళ్లు ఎక్కువగా స్క్రీన్ సైజు చూస్తారు. ముందు చూడాల్సింది బ్యాటరీ. బండి మీద ఉన్నంతసేపు కరెంటు బండే ఇస్తుంది, కొండెక్కాక ఎవరిస్తారు? ఉదాహరణకు బండ్ల కోసం చేసిన గార్మిన్ జూమో ఎక్స్‌టీనే చూడండి. బండి మీద దానికి వంక పెట్టలేం. 5.5 అంగుళాల స్క్రీన్, గ్లోవ్స్ తీయకుండానే నొక్కొచ్చు, ఎండలోనూ కనబడుతుంది. విప్పి చేతిలో పట్టుకుని నడిస్తే మాత్రం 6 గంటలు, వెలుతురు పూర్తిగా పెంచితే మూడున్నర గంటలే. పొద్దున ఎక్కి సాయంత్రం దిగే ట్రెక్‌కు కూడా చాలదు.

అందుకే నడకకు చేసిన పరికరాన్ని బండికి బిగించుకోవడమే నయం. రెండింటికీ సమంగా వాడేవాళ్లకు అదే కంపెనీ మోంటానా 700 సరిపోతుంది. 5 అంగుళాల స్క్రీన్, 18 గంటల బ్యాటరీ. బండి మౌంట్‌లో కూర్చోబెడితే వెనకున్న పిన్నుల ద్వారా కరెంటు అందుతుంది. ధర ఎక్కువ, బరువు 400 గ్రాముల దాకా ఉంటుంది, మెడలో వేసుకుని తిరిగే వస్తువు కాదు.

బండి కొండ దాకా చేరడానికే, అసలు పని నడకే అనుకుంటే గార్మిన్‌దే ఈట్రెక్స్ 32ఎక్స్ చాలు. సెల్స్‌తో కలిపి 142 గ్రాములు. రెండు ఏఏ సైజు పెన్సిల్ సెల్స్‌తో 25 గంటలు నడుస్తుంది, అవి అయిపోతే ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. 2.2 అంగుళాల స్క్రీన్ మీద వీధి పేర్లు చదవబోతే రోడ్డు మీద చూపు తప్పుతుంది, ముందే ఎక్కించుకున్న దారి గీతను పట్టుకుని పోవడానికి మాత్రం సరిపోతుంది. ఊళ్లో దారికి ఫోన్ వాడుకోండి, కానీ హ్యాండిల్‌కు బిగించకండి. ఇంజిన్ అదురుకు ఐఫోన్ కెమెరాలు పాడవ్వచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. కాస్త తక్కువకు వస్తుందని ఈట్రెక్స్ 22ఎక్స్ కొంటే దిక్సూచి ఉండదు. కాలిబాట రెండుగా చీలిన చోట ఆగి చూస్తే బాణం ఎటు తిరగాలో దానికి తెలియదు. సరిగ్గా అక్కడే మనకు అవసరం.

గార్మిన్‌దే జీపీఎస్‌మ్యాప్ 67 మోంటానాకూ ఈట్రెక్స్‌కూ మధ్యస్థం. 3 అంగుళాల స్క్రీన్, 180 గంటల దాకా బ్యాటరీ, తడి గ్లోవ్స్‌తోనూ నొక్కగలిగే బటన్లు.

మోడల్ పేరు చివర ‘ఐ’ ఉంటే (700ఐ, 750ఐ, 67ఐ) అందులో ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే ఇన్‌రీచ్ ఉన్నట్టు. ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని మన దేశంలో దగ్గర పెట్టుకోవడమే నేరం, స్విచ్చాఫ్ చేసి ఉన్నా సరే. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక కెనడా ప్రయాణికురాలిని దీనిమీదే ఆపి కేసు పెట్టారు. అమెరికా నుంచి వస్తున్న అన్నయ్య తెస్తానన్నా వద్దని చెప్పండి. ఊరికే సిగ్నల్ అందుకునే మామూలు జీపీఎస్‌కు ఈ నిషేధం వర్తించదు.

ఇక బిగింపు. సైకిళ్లకు చేసిన రబ్బరు పట్టీ మౌంట్ ఘాట్ రోడ్డు గతుకులకు నిలవదు. హ్యాండిల్ మందం కొలిచి, దానికి సరిపోయే లోహపు క్లాంపు, బాల్ ఉన్న మౌంట్ కొనండి. పైన జీపీఎస్‌కూ హ్యాండిల్‌కూ కలిపి ఒక తాడు కట్టండి. సెల్స్‌తో నడిచేవాటికి ఇంకో జబ్బుంది. పెద్ద గుంతలో పడితే సెల్ ఒక్క క్షణం స్ప్రింగ్‌ను వదిలేస్తుంది, పరికరం ఆరిపోతుంది, అక్కడితో ట్రాక్ (వచ్చిన దారిని గుర్తుపెట్టుకునే గీత) తెగుతుంది. యుఎస్‌బి కరెంటు ఇస్తే ఈ బాధ తప్పుతుంది. కాకపోతే ఈట్రెక్స్‌లో ఆ సాకెట్ రబ్బరు మూత తీసి పెట్టాలి, అప్పుడు వాన నీళ్లు దిగుతాయి. వాన మొదలవగానే కేబుల్ పీకి మూత నొక్కేయండి.

కరెంటు లైన్‌ను తాళం తిప్పితేనే వచ్చే తీగ నుంచి 2 ఆంపియర్ల ఫ్యూజుతో తీయండి. నేరుగా బ్యాటరీకి కలిపితే రెండు మూడు రోజుల ట్రెక్ ముగించి వచ్చేసరికి బండి స్టార్ట్ కాకపోవచ్చు. బండి ఆపి తాళం తీయగానే కొన్ని మోడళ్లు వాటంతటవే ఆఫ్ అవుతాయి. బయటి కరెంటు పోయినా ఆన్‌లోనే ఉండాలని సెట్టింగుల్లో పెట్టుకోండి. సెల్ రకం కూడా అక్కడే చెప్పాలి. రీచార్జబుల్ వేసి ఆల్కలైన్ అని వదిలేస్తే బ్యాటరీ గుర్తు తప్పు చూపిస్తుంది.

విదేశంలో కొన్నదాంట్లో మన దేశపు మ్యాప్ ఉండకపోవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారుచేసిన గార్మిన్ మ్యాప్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మైక్రో ఎస్డీ కార్డులో ‘Garmin’ అనే ఫోల్డర్‌లో పెట్టాలి. ఊరి పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్నదే ఎంచుకోండి, ఎక్కువ పరికరాలు తెలుగు లిపి చూపించలేవు. కొండదారికి రూట్ కాదు, ట్రాక్ ఎక్కించండి. రూట్ అయితే తన మ్యాప్‌లో ఉన్న రోడ్డు వెతుక్కుంటూ ఎటో తీసుకుపోతుంది. ఈట్రెక్స్‌లో ఒక ట్రాక్‌కు 10,000 పాయింట్లే (గీతలోని చుక్కలు) పరిమితి, పొడుగైతే చివర తెగిపోతుంది. రోజుకో ఫైలుగా ముక్కలు చేయండి.

గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే బారోమీటర్ ఉన్న మోడల్ అయితే ఎక్కేముందు ఎత్తు సరిచేయాలి. అరకు వెళ్తే పని సులువు: రైల్వే స్టేషన్ పేరు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది, ఆ అంకె ఎక్కించండి. కనుమల మీద ఫొటోలు దిగే బోర్డులను మాత్రం నమ్మకండి. లద్దాఖ్‌లోని ఖార్దుంగ్ లా పాత బోర్డు మీద 18,380 అడుగులుండేది, జీపీఎస్‌తో కొలిస్తే తేలింది సుమారు 17,582.