నవజాత శిశువు శ్వాసపై ఆక్సిజన్ మార్పుల ప్రభావాన్ని కొలిచే పద్ధతి

గుంటూరు, విజయవాడ బోధనాసుపత్రుల్లో పిల్లల వైద్యంలో పీజీ చేస్తూ, నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతులైన శిశువుల శ్వాస నియంత్రణను థీసిస్‌గా ఎంచుకున్నవారు, ఆక్సిజన్‌ను తగ్గించడంతో కాక కొద్దిసేపు పెంచి చూడడంతోనే పని మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. మెడలో కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట ఉండే కెరోటిడ్ బాడీలు రక్తంలోని ఆక్సిజన్‌ను కనిపెడుతూ శ్వాసను ప్రేరేపిస్తుంటాయి. 100 శాతం ఆక్సిజన్ అందగానే ఆ ప్రేరణ సన్నగిల్లి శ్వాస తగ్గుతుంది. ఎంత తగ్గిందన్నదే వాటి బలానికి కొలత.

ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం లేనిదే మాస్కు ముట్టుకోకూడదు. "అమ్మా, పాప నిద్రలో ఉండగా అర నిమిషం ఆక్సిజన్ ఇచ్చి ఊపిరి ఎలా మారుతుందో చూస్తాం, మీరు వద్దంటే వెంటనే ఆపేస్తాం" అని తల్లికి అర్థమయ్యేలా చెప్పాలి.

పాలు తాగిన అరగంట తర్వాత, మత్తుమందు లేకుండా, సహజమైన ప్రశాంత నిద్రలోనే కొలవాలి. మూసిన రెప్పల కింద కనుగుడ్లు కదులుతున్నా, మూతి ముడుచుకుంటున్నా, ఊపిరి లయ తప్పుతున్నా అది చురుకు నిద్ర కాబట్టి ఆగాలి. మే నెల విజయవాడ ఎండల్లో ఏసీ తప్పనిసరే అయినా, చల్లగాలి నేరుగా శిశువు ముఖానికి తగలకూడదు. ముఖానికి చలి తగిలితేనే ఊపిరి మారిపోతుంది. మాస్కు స్పర్శ కూడా అంతే కనుక, అది పెట్టాక శ్వాస కుదుటపడే వరకు వేచి, ఆ తర్వాతే మామూలు గాలిలో ఆధార కొలత తీసుకోవాలి. పల్స్ ఆక్సీమీటర్‌ను కుడి చేతికి కట్టి, సగటు తీసే వ్యవధిని అతి తక్కువకు పెట్టాలి.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. గాలి కంటే ఆక్సిజన్ స్నిగ్ధత (ప్రవాహాన్ని అడ్డుకునే గుణం) 10 శాతానికి పైగా ఎక్కువ కాబట్టి, గాలితో క్యాలిబ్రేట్ చేసిన (కొలత సరిచూసిన) న్యూమోటాకోగ్రాఫ్, అంటే ఊపిరి ప్రవాహాన్ని కొలిచే పరికరం, ఆక్సిజన్ ప్రవాహాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతుంది. అంటే మనం వెతుకుతున్న తగ్గుదలనే అది కప్పిపుచ్చుతుంది. ఏ వాయువు ఇస్తామో దానితో విడిగా క్యాలిబ్రేట్ చేయాల్సిందే.

3 కిలోల శిశువు ఒక్కో ఊపిరికి 18 మిల్లీలీటర్లు, నిమిషానికి 40 సార్లు తీసుకుంటే మొత్తం 720 మిల్లీలీటర్లు. ఆక్సిజన్ ఇచ్చాక ఇదే లెక్కను ఊపిరి ఊపిరికీ కట్టి, మొదటి 30 సెకన్లలోని తగ్గుదలను శాతంగా రాయాలి. ఇంకా సేపు ఇస్తే ఇతర కారణాలతో శ్వాస మళ్లీ పెరుగుతుంది కనుక ఆ భాగాన్ని ఈ లెక్కలో కలపకూడదు. నిట్టూర్పు గానీ కదలిక గానీ వచ్చిన ప్రయత్నాన్ని వదిలేసి, మిగిలినవాటి సగటు తీయాలి.

ఇక ఆక్సిజన్‌ను తగ్గించి చూసే పరీక్షను, అంటే 15 శాతం ఆక్సిజన్‌తో చేసేదాన్ని, అనుభవజ్ఞులైన నియోనేటాలజిస్టు (నవజాత శిశు వైద్య నిపుణులు) పక్కన ఉంటేనే, పునరుజ్జీవన సామగ్రి సిద్ధంగా ఉంచుకునే చేయాలి. ఇందులో శ్వాస మొదటి ఒకటి రెండు నిమిషాలు పెరిగి, తర్వాత ఆధార స్థాయికో అంతకంటే కిందికో జారుతుంది కనుక మొత్తానికి ఒకే సగటు తీస్తే ఏ మార్పూ లేనట్టే కనబడుతుంది. ఏ నిమిషానికి ఆ నిమిషం విడిగా రాయాలి. రక్తంలో ఆక్సిజన్ సంతృప్తత 85 శాతానికి దిగినా, గుండె వేగం పడిపోయినా, ఊపిరి ఆగినా పరీక్షను అక్కడికక్కడే ఆపి ఆక్సిజన్ ఇవ్వాలి.