ఇంటి క్లస్టర్‌లో రెండు సర్వర్ నోడ్లు వద్దు

ఇంట్లో కే3ఎస్ (కొన్ని మెషిన్లని ఒక క్లస్టర్‌గా, అంటే గుంపుగా కలిపి యాప్‌లు నడిపే తేలికపాటి కుబెర్నెటీస్) నడిపేవాళ్లు చాలామంది, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందిలే అని రెండు మెషిన్లనీ ఈటీసీడీతో (క్లస్టర్ సమాచారమంతా దాచే డేటాబేస్) సర్వర్ నోడ్లుగా, అంటే క్లస్టర్‌ని నడిపించే మెషిన్లుగా పెడతారు. దయచేసి అలా చేయకండి. ఈటీసీడీలో ఏది రాయాలన్నా సగానికి మించిన నోడ్లు ఒప్పుకోవాలి. రెండింట్లో సగానికి మించి అంటే రెండూ! ఏ ఒక్కటి ఆగినా కంట్రోల్ ప్లేన్ (ఏది ఎక్కడ నడవాలో చూసుకునే భాగం) చేతులెత్తేస్తుంది. బతికున్న మెషిన్‌లోని కంటైనర్లు నడుస్తూనే ఉంటాయి గానీ, పడిపోయిన దాంట్లోని పాడ్లు (కలిసి నడిచే కంటైనర్లు) ఇటు రావు, కొత్తవి లేవవు. ఒక్క సర్వర్ కంటే ఇదే ఎక్కువ రిస్క్.

ఒకటి పెట్టండి, లేదా మూడు. ఒకటైతే రెండో మెషిన్‌ని ఏజెంట్‌గా (యాప్‌లని మాత్రమే నడిపే నోడ్‌గా) కలిపేయండి; అప్పుడు కే3ఎస్ మామూలుగా ఈటీసీడీ బదులు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడుకుంటుంది, చిన్న మెషిన్లకి అదే హాయి. మూడైతే మాత్రం ఎస్‌డీ కార్డులు పనికిరావు, ఎస్‌ఎస్‌డీలే పెట్టండి. ప్రతి మార్పూ డిస్క్ మీద పడేదాకా ఈటీసీడీ ఆగుతుంది. డిస్క్ నెమ్మదిస్తే క్లస్టర్ మాటిమాటికీ లీడర్‌ని (రాతల్ని ముందుండి నడిపే నోడ్‌ని) మార్చుకుంటూ కూర్చుంటుంది.

ఇంకో మాట. ఈటీసీడీ ఉంటే కే3ఎస్ తనంతట తానే 12 గంటలకోసారి స్నాప్‌షాట్ (ఈటీసీడీ డేటా బ్యాకప్) తీసి, చివరి 5 దాచుతుంది. కానీ దాచేది అదే డిస్క్‌లో! వాటిని వేరే చోటికి కాపీ చేయండి, సర్వర్ టోకెన్‌తో (క్లస్టర్ రహస్య కీతో) సహా. టోకెన్ లేకపోతే కొత్త మెషిన్ మీద స్నాప్‌షాట్ రీస్టోర్ కాదు.